మెషీన్ పిలాటిస్: చేరే ముందు, చేరాక

ప్రశ్న: అక్కా, నాకు 46 ఏళ్లు. తిరుపతిలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. పొద్దున పదింటికి కుర్చీలో కూర్చుంటే సాయంత్రం ఆరుకే లేవడం. రెండేళ్లుగా నడుం నొప్పి. ఎంఆర్ఐ తీశారు. డిస్క్ కొంచెం ఉబ్బిందట. ఆపరేషన్ అక్కర్లేదు, కసరత్తు చేయమన్నారు డాక్టరు. మా ఇంటి దగ్గర, ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు కొత్తగా మెషీన్ పిలాటిస్ స్టూడియో పెట్టారు. బెంగళూరులో ఉన్న మా అమ్మాయి తను చేస్తున్నానని చెప్పి, నన్నూ చేరమని ఒకటే పోరు. మా అత్తమ్మేమో "మంచం మీద పడుకొని కాళ్లు చాపేదానికి దుడ్లు కట్టల్లా?" అంటుంది. మా ఆయన ఆన్‌లైన్‌లో మెషీనే కొనేద్దాం అంటారు. మూడు నెలలకు ఒకేసారి కడితే తగ్గింపు ఉందని స్టూడియో వాళ్లు రోజూ మెసేజ్ పెడుతున్నారు. నాలాంటి వాళ్లకు ఇది పనికొస్తుందా? ఎలా మొదలుపెట్టాలి? ఇంకో నాలుగు నెలల్లో అలిపిరి మెట్లెక్కి మొక్కు తీర్చుకోవాలి. అప్పటికి తయారవుతానా? ఇంకొకటి, మా అత్తమ్మకు 71. ఆమెకు కూడా ఏమన్నా పనికొస్తుందా అని టెన్షన్ పడుతూ అడుగుతున్నా, ఆమెకు తెలిస్తే నవ్వుతుంది.

జవాబు: మీ అత్తమ్మ మాటతోనే మొదలుపెడతాను. ఆమె వెక్కిరించి ఉండొచ్చు గానీ, మంచం అనడంలో పెద్ద తప్పేమీ లేదు. పిలాటిస్ అంటే పొట్ట, నడుం కండరాలను మెల్లగా, అదుపుతో కదిలిస్తూ గట్టిపరిచే వ్యాయామ పద్ధతి. దాన్ని తయారుచేసిన జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టాడు. చిన్నప్పుడు ఉబ్బసం, ఎముకలు మెత్తబడే రికెట్స్‌తో బక్కగా ఉండేవాడు. ఆ కసితోనే వ్యాయామంలో పడ్డాడు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఇంగ్లండులో ఉన్నాడు. శత్రుదేశపు మనిషని ఆయన్ని నిర్బంధించి, తర్వాత ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలోని శిబిరంలో పెట్టారు. అక్కడ లేవలేని వాళ్ల మంచాలకు స్ప్రింగులు తగిలించి, పడుకున్న చోటే కాళ్లూ చేతులూ ఆడించేలా చేశాడని చెబుతారు. 1926లో అమెరికా వెళ్లి న్యూయార్క్‌లో స్టూడియో పెట్టాక, ఒళ్లు దెబ్బతిన్న డాన్సర్లు ఆయన దగ్గరికి రావడం మొదలైంది. మీ ఇంటి దగ్గర స్టూడియోలో ఉన్న మెషీన్ పేరు రిఫార్మర్, ఆయన తయారుచేసిన పరికరాల్లో ఒకటి. మంచమే అనుకోమనండి, పడుకున్నవాళ్లకు చెమట పట్టించే మంచం.

చూడటానికి భయం వేస్తుంది గానీ దానిలో ఉన్నది కొంచెమే. ఇంచుమించు ఎనిమిది అడుగుల చట్రం. దాని మధ్యలో చక్రాల మీద ముందుకూ వెనక్కూ జారే మెత్తటి బల్ల, దాన్ని క్యారేజ్ అంటారు. క్యారేజ్‌ని చట్రానికి పట్టి ఉంచడానికి నాలుగైదు స్ప్రింగులు. ఒక కొసన పాదాలు ఆనించి తోయడానికి ఫుట్‌బార్. రెండో కొసన కప్పీల మీదుగా వచ్చే తాళ్లు, వాటి చివర చేతులో పాదాలో దూర్చుకోవడానికి స్ట్రాప్‌లు. తోసేటప్పుడు ఒళ్లు పైకి జారిపోకుండా భుజాల దగ్గర రెండు అడ్డాలు. మోటారు లేదు, కరెంటుతో పని లేదు. మీరు కదిలిస్తేనే కదులుతుంది.

ఇక మీ నడుం సంగతి. రిపోర్టులో డిస్క్ ఉబ్బింది అని చదివి మీరు నిద్ర పాడుచేసుకుంటున్నట్టున్నారు. నొప్పే లేనివాళ్ల స్కాన్లను కలిపి చూసిన ఒక పెద్ద పరిశీలన 2015లో వచ్చింది. 40 ఏళ్ల వయసులో, ఏ నొప్పీ లేకుండా తిరిగేవాళ్లలో దాదాపు సగం మందికి డిస్క్ ఉబ్బు కనబడింది. 80 ఏళ్లకు అది 84 శాతం. అంటే ఆ మాట జుట్టు నెరిసింది అన్న మాటలాగా చదవండి. మీ నొప్పికి అది కారణం కావచ్చు, కాకపోనూవచ్చు. మీ డాక్టరు కత్తి జోలికి పోకుండా కసరత్తు చెప్పారంటే సరైన మాటే చెప్పారు.

పిలాటిస్ వల్ల నడుం నొప్పి తగ్గుతుందా అంటే, తగ్గుతుంది, కానీ స్టూడియో బోర్డుల మీద రాసుకున్నంత కాదు. అదే 2015లో, వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కోక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ జల్లెడ పట్టింది. ఏమీ చేయకుండా కూర్చోవడం కంటే పిలాటిస్ చేసినవాళ్లకు నొప్పి తగ్గింది, పనులు చేసుకోవడం మెరుగైంది. మిగతా వ్యాయామాల కంటే ఇదే గొప్పదని మాత్రం తేలలేదు. నేను ఫిజియోథెరపీ చదివి, తర్వాత పిలాటిస్ నేర్చుకున్నదాన్ని. అయినా ఈ మాట దాచను. మీరు ఇప్పటికే ఒక మంచి గురువు దగ్గర యోగా చేస్తూ, నడుం కుదుటపడుతూ ఉంటే, దాన్ని వదిలేసి ఇటు రమ్మని చెప్పేదాన్ని కాదు. మీరు ఏదీ చేయడం లేదు కాబట్టి, ఇది ఇంటికి దగ్గర కాబట్టి, మీకు మనసైంది కాబట్టి చేరండి అంటున్నాను. వదలకుండా చేసే కసరత్తే నడుముకు పనికొస్తుంది. ఇంటి దగ్గరుండటం చిన్న విషయమేమీ కాదు.

చేరే ముందు ఒకటి చూసుకోండి. నొప్పి పిర్ర మీదుగా మోకాలు దాటి పిక్కలోకో పాదంలోకో పాకుతోందా? తిమ్మిరి ఉందా? చెప్పు కాలినుంచి జారిపోతున్నా తెలియడం లేదా, మడమల మీద నడవలేకపోతున్నారా? ఉంటే స్టూడియోకి కాకుండా మళ్లీ డాక్టరు దగ్గరికే వెళ్లండి. మూత్రం మీద అదుపు తప్పినా, కూర్చునే చోట మొద్దుబారినా అది అదే రోజు ఆసుపత్రికి పరుగెత్తాల్సిన సంగతి. మన ఊళ్లో స్విమ్స్ ఉంది, రుయా ఉంది, ఎముకల జబ్బులకే టీటీడీ నడిపే బర్డ్ ఉంది. దూరం వెళ్లే పని లేదు. ఇవేవీ లేకుండా, కూర్చుంటే పట్టేసి నాలుగడుగులు వేస్తే సర్దుకునే నొప్పి అయితే ధైర్యంగా మొదలుపెట్టొచ్చు. రిపోర్టు మాత్రం వెంట తీసుకెళ్లండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఎవరు నేర్పుతున్నారు?

పిలాటిస్ అన్న పేరు ఒకరి సొత్తు కాదని 2000లో న్యూయార్క్ కోర్టు తీర్పు చెప్పింది. అది యోగా, కరాటే లాగా ఒక పద్ధతి పేరు, ఎవరైనా వాడుకోవచ్చంది. మంచిదే. దానివల్లే ఈ విద్య న్యూయార్క్ దాటి ఎయిర్ బైపాస్ రోడ్డు దాకా వచ్చింది. కానీ దాని రెండో వైపు ఏమిటంటే, పూర్తిగా నేర్చుకున్నవాళ్లూ, శని ఆదివారాల కోర్సు చేసి వచ్చినవాళ్లూ ఒకే బోర్డు పెట్టుకోవచ్చు. అన్ని పరికరాల మీదా నేర్పే పూర్తి శిక్షణ సాధారణంగా 450 గంటలకు పైనే ఉంటుంది. అందులో చదువు, తను చేయడం, వేరేవాళ్ల క్లాసులు చూడటం, పెద్దల పర్యవేక్షణలో నేర్పడం అన్నీ కలిసి ఉంటాయి. చాప మీద చేసే పిలాటిస్‌కు మాత్రమే శిక్షణ తీసుకొని రిఫార్మర్ ఎక్కించేవాళ్లూ ఉన్నారు. కాబట్టి మొహమాటపడకుండా అడగండి. ఎక్కడ నేర్చుకున్నారు? అందులో రిఫార్మర్ ఉందా? ఎన్ని గంటలు? డిస్క్ ఇబ్బంది ఉన్నవాళ్లకు ఇంతకుముందు నేర్పారా, ఏమేం మార్చి చేయించారు? మనవాళ్లకు చీర కొనేటప్పుడు కొంగు, అంచు, పోగు అన్నీ లాగి చూసే ఓపిక ఉంటుంది, ఇలాంటి చోట మాత్రం ఏం అనుకుంటారో అని ఊరుకుంటారు. బాగా నేర్చుకున్నవాళ్లు ఈ ప్రశ్నలకు సంతోషిస్తారు. చిరాకు పడ్డారంటే మీకు జవాబు దొరికినట్టే.

అడిగింది సరే, ఆ తర్వాత ఒక బ్యాచ్ జరుగుతుంటే పక్కన కూర్చుని చూస్తామనండి. టీచరు ఫోన్ చూసుకుంటున్నారా, లేక మనుషుల్ని చూస్తున్నారా? తనే మెషీన్ ఎక్కి చేస్తూ, మిగతావాళ్లు తనని చూసి చేయాలంటున్నారా? ఒకామెకు మెడ పట్టేస్తే ఆమెకు వేరే కదలిక ఇచ్చారా, లేక "ట్రై చేయండి మేడమ్, ట్రై చేయండి" అంటున్నారా? బ్యాచ్‌లో ఎంతమందో కూడా చూడండి. పన్నెండు మెషీన్ల మధ్య పాటల హోరులో ఒక్క టీచరు అరుస్తుంటే, మీలాంటి నడుముతో మొదటి నెల అక్కడ ఉండకూడదు. నలుగురైదుగురు ఉన్న బ్యాచ్ అయితే మేలు. అంతకంటే మేలు, మొదటి మూడు నాలుగు క్లాసులు మీ ఒక్కరికే తీసుకోవడం. ఖర్చు ఎక్కువే. కానీ ఆ తర్వాత గుంపులో చేరినా ఎక్కడ ఆగాలో మీకే తెలుస్తుంది. మూడు నెలల ప్యాకేజీకి పెట్టే డబ్బులో కొంత ఇక్కడ పెట్టండి.

క్లాసులో అడుగుపెట్టగానే మీకు కనబడేది స్ప్రింగుల గొడవ. పక్కామె నాలుగు స్ప్రింగులు వేసుకుంది, నాకు రెండే ఇచ్చారు అని చిన్నబోకండి. జిమ్‌లో బరువు పెరిగితే పని పెరుగుతుంది. ఇక్కడ ఆ లెక్క అన్నివేళలా నడవదు. వెల్లకిలా పడుకొని పాదాలతో తోసేటప్పుడు ఎక్కువ స్ప్రింగులు వేస్తే కాళ్లకు పని పెరుగుతుంది, నిజమే. అదే క్యారేజ్ మీద చేతులో మోకాళ్లో ఆనించి పొట్ట బిగించి నిలబడాల్సి వస్తే, స్ప్రింగులు తగ్గేకొద్దీ కష్టం. బల్లను పట్టి ఆపేది ఏమీ ఉండదు, మీ పొట్టే ఆపాలి. అందుకే "లైట్‌గా ఇవ్వండి, కొత్తదాన్ని" అని మీరు అడిగితే కొన్నిసార్లు మీకే ఎసరు. రంగులు కూడా గుర్తుపెట్టుకోవద్దు. ఎరుపు స్ప్రింగు ఒక కంపెనీ మెషీన్‌లో ఒక బరువు, ఇంకో కంపెనీలో ఇంకొకటి. బెంగళూరులో మీ అమ్మాయి వేసుకునే రంగు తిరుపతిలో మీకు చెల్లదు.

స్ప్రింగు సాగేకొద్దీ దాని లాగుడు పెరుగుతుంది. తోయడం అందరూ తోస్తారు. వెనక్కి వచ్చేటప్పుడు చాలామంది వదిలేస్తారు, బల్ల ఠపీమని వచ్చి ఆగుతుంది. బావిలోకి చేద దించేటప్పుడు తాడు మెల్లగా వదులుతాం చూడండి, అలా రావాలి. ఈ పద్ధతి పనిచేసేది ఎక్కువగా అక్కడే. మీ క్యారేజ్ చప్పుడు చేయకుండా మొదటి చోటికి చేరుతోందా లేదా అన్నది మీకు మీరే వేసుకునే పరీక్ష. చప్పుడు వస్తే వేగం తగ్గించండి, స్ప్రింగు మార్చమని అడగండి.

మొదటి క్లాసుల్లో ఏం చేయిస్తారంటే, దాదాపు అన్ని చోట్లా ఫుట్‌వర్క్‌తో మొదలవుతుంది. వెల్లకిలా పడుకొని, మడమలు ఒకసారి, పాదం మధ్య భాగం ఒకసారి, వేళ్ల మొదళ్లు ఒకసారి ఫుట్‌బార్‌కి ఆనించి తోయడం. గుంజీళ్లు పడుకొని తీసినట్టే అనుకోండి. ఒంటి బరువు వెన్ను మీద పడదు కాబట్టి నిలబడి గుంజీళ్లు తీయలేని నడుముకు కూడా ఇది సాధ్యమవుతుంది. తర్వాత నడుమును నెమ్మదిగా పైకెత్తే బ్రిడ్జ్. పాదాలు స్ట్రాప్‌లలో పెట్టి కాళ్లను దించడం, గుండ్రంగా తిప్పడం. దీనికి మొదటి రోజే అందరూ ప్రేమలో పడతారు, తాళ్లు కాళ్ల బరువు మోస్తుంటే తుంటి కీలు హాయిగా తిరుగుతుంది. పడుకొని చేతులతో స్ట్రాప్‌లు లాగడం. ఒకటో రెండో మోకాళ్ల మీద. అంతటితో గంట అయిపోతుంది.

చాప మీద చేసేది సులభం, మెషీన్ కష్టం అని చాలామంది అనుకుంటారు. మొదటి రోజుల్లో తిరగబడి ఉంటుంది. చాప మీద మీ కాలి బరువు మీరే మోయాలి, సాయం చేసే స్ప్రింగు ఉండదు. మెషీన్ మీద స్ప్రింగు కొంత మోస్తుంది, దారి కూడా చూపిస్తుంది. మీలాంటివాళ్లకు మెషీన్‌తో మొదలుపెట్టమనడానికి నా కారణం అదొక్కటే.

మీ డిస్క్ కోసం కొన్ని వాయిదా వేయాలి. తలా భుజాలూ పైకెత్తి, నడుమును గుండ్రంగా వంచి చేసేవి, కూర్చుని వెన్నును సున్నాలా చుట్టి వెనక్కి వాలేవి, వంగి మెలితిరిగేవి మొదటి కొన్ని వారాలు వద్దు. "హండ్రెడ్" అని పేరున్న ఒక కదలిక అన్ని చోట్లా చేయిస్తారు. ఐదు లెక్కల్లో గాలి తీసుకుంటూ, ఐదు లెక్కల్లో వదులుతూ, చేతులు నూరుసార్లు పైకీ కిందికీ ఆడించడం. మీరు తల దిండు మీదే ఉంచి, మోకాళ్లు వంచి చేయండి. ఎవరూ మార్కులు తగ్గించరు. నడుమును బల్లకు అదిమిపెట్టమని ఎవరైనా పదేపదే అంటుంటే, ఎందుకని అడగండి. వెల్లకిలా పడుకున్నప్పుడు నడుం కింద వేళ్లు దూరేంత సందు ఉండటం సహజం. చాలా కదలికలు ఆ సందును అలాగే ఉంచి చేయడం నేర్చుకోవాలి.

ఊపిరి ముక్కుతో తీసుకొని నోటితో వదలమంటారు. పొట్ట ఉబ్బించకుండా పక్కటెముకలు అటూ ఇటూ విచ్చుకునేలా. కొత్తలో దీన్ని పట్టించుకుంటే కాలు తప్పుతుంది, కాలిని పట్టించుకుంటే ఊపిరి తప్పుతుంది. తప్పనివ్వండి. ఊపిరి బిగబట్టకుండా ఉంటే ప్రస్తుతానికి చాలు. బీపీ ఉన్నవాళ్లకైతే ఇది మరీ ముఖ్యం.

మర్నాడు తొడల లోపలి వైపు, పక్కటెముకల కింద, పిర్రల్లో నొప్పులు వస్తాయి. ఉన్నాయని కూడా తెలియని చోట్ల వస్తాయి. రెండు రోజుల్లో పోతే అది కండరం పని చేసిన గుర్తు. కదలిక చేస్తున్నప్పుడే పొడిచినట్టు అనిపించినా, నొప్పి కాలిలోకి దిగినా వెంటనే ఆపి చెప్పండి. టీచరు ముందు సహించి చేయడం మన ఆడవాళ్లకు బాగా అలవాటు, ఇంట్లో నేర్చుకున్న విద్య అది. అక్కడ వద్దు.

బట్టల గురించి మీరు అడగలేదు గానీ, ఇవి ఏ స్టూడియో వాళ్లూ ముందుగా చెప్పరు. మెట్టెలు పెట్టుకొని వేళ్ల మొదళ్లతో ఫుట్‌బార్‌ని తోస్తే అవి పక్కవేలిని కోసేస్తాయి. తీయడం ఇష్టం లేకపోతే ఆ వేలికి మెత్తటి టేపు చుట్టండి, లేదా మడమలతో చేస్తానని చెప్పండి. తాళి, నల్లపూసలు వెల్లకిలా పడుకోగానే మెడ మీదికి వచ్చేస్తాయి, బోర్లా పడుకుంటే తాళ్లలో చిక్కుకుంటాయి. లోపల వేసుకొని పిన్ను పెట్టేయండి. తల వెనక ముడి వేసుకుంటే తల బల్లకు ఆనదు, గంటంతా మెడ పట్టేస్తుంది. జడ వేసి పక్కకు వేసుకోండి, లేదా నడినెత్తిన ముడి వేసుకోండి. చున్నీ పూర్తిగా వద్దు, చక్రాల్లో పడుతుంది. చేతికి గాజులు కూడా తీసేస్తే మంచిది. కాళ్లకు అడుగున రబ్బరు చుక్కలున్న గ్రిప్ సాక్స్ కావాలంటారు, ఒక జత కొనండి. లెగ్గింగ్స్ మీద తొడల దాకా ఉండే టీషర్టు వేసుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. వెడల్పు పాంట్లు వేసుకుంటే కాళ్లు స్ట్రాప్‌లలో పైకెత్తినప్పుడు అవి మోకాళ్ల మీదికి దిగివస్తాయి. అన్నం తిన్న వెంటనే వెళ్లకండి, రెండు గంటలు ఆగండి. పొద్దున క్లాసైతే కాఫీ, ఒక అరటిపండు చాలు.

ఎక్కడం, దిగడం దగ్గర జాగ్రత్త. దెబ్బలు కసరత్తులోనే కాదు, ఇక్కడా తగులుతాయి. స్ప్రింగు తగిలించి ఉందో లేదో చూశాకే కూర్చోండి. స్ప్రింగు లేని క్యారేజ్ మీద చేయి వేస్తే అది మిమ్మల్ని వదిలి వెళ్లిపోతుంది. క్యారేజ్ పూర్తిగా మొదటి చోటికి వచ్చాకే దిగండి. వేళ్లు బల్లకూ చట్రానికీ మధ్య పెట్టకండి. మోకాళ్ల మీదో నిలబడో చేయించేటప్పుడు ముందు కదలని భాగం మీద కాలు పెట్టి, తర్వాత కదిలే భాగం మీద పెట్టాలి. దిగేటప్పుడు దానికి తిరగేసి.

మూడు నెలల తగ్గింపు గురించి. కట్టకండి. మొదట ఒక డెమో, ఆ తర్వాత ఒక నెల, అంతవరకే. వారానికి రెండు క్లాసులు చాలు. తగ్గింపు ఈ నెలాఖరుకే అంటారు, వచ్చే నెలాఖరుకి కూడా ఉంటుంది. కట్టే ముందు, ఊరెళ్లినా జ్వరం వచ్చినా క్లాసు వేరే రోజుకు మారుస్తారా, టీచరు మారిపోతే డబ్బు వెనక్కి ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి. కొత్త స్టూడియోల్లో టీచర్లు తరచూ మారతారు. మీకు నచ్చిన టీచరు చెన్నైకి వెళ్లిపోతే మీరు కట్టిన మూడు నెలలూ ఎవరితో చేస్తారో తెలియదు.

మీ ఆయన ప్రేమకు దండం. మెషీన్ మాత్రం కొనొద్దనండి. స్టూడియోల్లో ఉండే రకం లక్షల్లో ఉంటుంది, గదిలో సగం ఆక్రమిస్తుంది. తక్కువ ధరకు మడతపెట్టేవి వస్తాయి, వాటిలో చాలావాటి చట్రం తేలిక, మీరు తోస్తే ఊగుతాయి. అది పక్కన పెట్టినా, మీ నడుం ఎక్కడ వంకర పోతోందో ఇంట్లో చెప్పేవాళ్లు ఎవరు? ట్రెడ్‌మిల్ మీద బట్టలు ఆరేసుకునే ఇళ్లు మన ఊళ్లో చాలానే ఉన్నాయి. ఆ డబ్బుతో ఏడాది పాటు మంచి టీచరు దగ్గర నేర్చుకోవచ్చు. ఇంట్లో చేసుకోవడానికి చాప చాలు. క్లాసు లేని రోజుల్లో పావుగంట, బ్రిడ్జ్, పక్కకు తిరిగి పడుకొని కాలు ఎత్తడం, చేతులూ మోకాళ్ల మీద ఉండి ఎదురెదురు చేయీ కాలూ చాపడం. ఆఫీసులో గంటకోసారి లేచి నీళ్ల బాటిల్ నింపుకొని రండి, చిన్న బాటిల్ పెట్టుకుంటే తప్పనిసరిగా లేస్తారు.

అలిపిరి సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే స్టూడియో వాళ్లు దీనికి కూడా "అయిపోతుంది మేడమ్" అంటారు. 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దాకా దారి. గాలి గోపురం వరకూ నిటారుగా ఎక్కిస్తుంది, మధ్యలో కాస్త చదును, చివర్లో మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ అసలు పరీక్ష. పిలాటిస్ మీ తుంటినీ తొడల్నీ పొట్టనూ గట్టిపరుస్తుంది, మెట్టెక్కేటప్పుడు నడుం ముందుకు వాలకుండా కాపాడుతుంది. కానీ గుండెనూ ఊపిరినీ అంతసేపు పరుగెత్తించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త ఆయాసం వచ్చే పని ఉండాలి, దాంతోపాటు కండరాలకు పని రెండు రోజులు. మీ రెండు క్లాసులూ ఆ రెండో భాగాన్ని తీరుస్తాయి. మొదటిది మీరు నడిచి తీర్చుకోవాలి.

మొదటి నెల చదును నేల మీద నడవండి, యూనివర్సిటీ వైపు అయినా సరే, మీ వీధిలో అయినా సరే. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం. రెండో నెల నుంచి మీ అపార్టుమెంటు మెట్లు. మూడో నెలలో ఒక ఆదివారం తెల్లవారుజామున అలిపిరి నుంచి కొంత దూరం ఎక్కి, ఒళ్లు ఎలా ఉందో చూసుకోండి. నడుం బాగుంటే రెండు వారాల తర్వాత గాలి గోపురం దాకా. పోయేది ఏమీ లేదు, మధ్యలో ఆగితే పాదాల మండపం దగ్గర దండం పెట్టుకొని ఇంటికి రావచ్చు. మొక్కు రోజున సామాను భుజాన వేసుకోవద్దు, అలిపిరిలో ఇచ్చేస్తే టీటీడీ వాళ్లే ఉచితంగా కొండకు చేరుస్తారు. దిగేటప్పుడు బస్సెక్కండి. ఎక్కడం గుండెకు భారం, దిగడం మోకాళ్లకు. మొక్కుకున్నది ఎక్కుతాననే కదా. ఎవరైనా శ్రీవారి మెట్టు దగ్గరి దారి, 2,388 మెట్లే అంటే తొందరపడకండి. దూరం తక్కువే గానీ నిటారు ఎక్కువ. మీ నడుముకు అలిపిరే నయం. బీపీ, సుగర్, గుండె ఇబ్బంది ఏదైనా ఉంటే ఈ ప్రయత్నానికి ముందు డాక్టరుకు చెప్పండి. నాలుగు నెలలు ఇలా నడిచారంటే మీరు ఎక్కుతారనే నా నమ్మకం, గంటల లెక్క పెట్టుకోకుండా.

మీ అత్తమ్మకు 71 అన్నారు. ఆ వయసులో బలం కంటే ముందు తూలి పడకుండా ఉండటం కావాలి. మెషీన్ ఎక్కించే ముందు ఎముకల సాంద్రత పరీక్ష చేయించండి. ఎముకలు పలచబడ్డాయని వస్తే, తలెత్తి ముందుకు వంగేవీ, వెన్ను గుండ్రంగా చుట్టేవీ ఆమెకు పూర్తిగా నిషేధం, వెన్నుపూస విరిగే ప్రమాదం ఉంది. కంటి నరాన్ని దెబ్బతీసే గ్లాకోమా ఉంటే తల కిందికి వాలే భంగిమలు వద్దు. ఇవేవీ లేకపోయినా, అందరితో కలిపి బ్యాచ్‌లో వేయకుండా ఆమెకు విడిగా నేర్పగలిగే టీచరు ఉంటేనే తీసుకెళ్లండి. పడుకొని ఫుట్‌వర్క్, పట్టుకొని ఒంటికాలి మీద నిలబడటం, అలాంటివి ఆమెకు బాగా పనికొస్తాయి. రమ్మంటే రారేమో. ముందు మీ డెమో క్లాసుకు తోడు రమ్మని పిలవండి, పక్కన కుర్చీ వేస్తారు, మీరు మంచం మీద చెమటలు కక్కుతుంటే చూస్తారు. ఆ తర్వాత ఆమె ఏమంటారో నాకు రాయండి.